రంగం అక్క చిరునామా

నూజివీడు వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా అనంతపురంలో ప్రతివాడూ రసాలు ఎలా ఉన్నాయనే అడుగుతున్నాడు. బాగున్నాయి. ఆ సంగతీ రాస్తాను. కానీ వారం రోజులకని వెళ్ళినవాణ్ణి ఇరవై మూడు రోజులు ఎందుకు ఉండిపోయానో చెప్పాలంటే పళ్ళ ముచ్చట ఒక్కటే చాలదు. అక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ఎవరో చెప్పగా మీరు వినడం కంటే నేనే చెప్పడం మర్యాదని కాగితాలు ముందేసుకున్నాను.

నేను ముప్పై ఏళ్ళు తాలూకా ఆఫీసులో గుమాస్తాని. యాభై అయిదేళ్ళకే ఇంటికి వెళ్ళమని ప్రభుత్వం అన్నప్పుడు వెళ్ళినవాళ్ళలో ఒకణ్ణి. ఆ తరవాత తాలూకాలే పోయి మండలాలు వచ్చాయి కాబట్టి నేను కూర్చున్న కుర్చీ కూడా ఇప్పుడు లేదు. అర్జీ రాయడం, ఫారాలు నింపడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఆ ఒక్కటీ మాత్రం నాకంటే బాగా ఎవరికీ రాదని అనుకుంటూ ఉండేవాణ్ణి.

నూజివీడు

మా ఊరి పళ్ళ మండీకి లారీల్లో కాయ పంపే సుబ్బారావు గారిది నూజివీడు. ఆయన ఏటా రమ్మనడం, నేను ఏటా వస్తాననడం మామూలే. ఈ ఏడు నిజంగానే వెళ్ళేసరికి ఆయన ముందు నా సంచీ వంక, తరవాత నా వంక చూశారు.

బెజవాడలో బస్సెక్కి గంటన్నర వెళ్ళాక నేల ఎర్రబడింది. అచ్చం మా వైపు మట్టే. మా మట్టిలో వేరుశనగ కూడా దేవుడి దయ మీద మొలుస్తుంది, ఇక్కడ కనుచూపు మేర మామిడి తోటలు. ఒకే మట్టికి ఇంత తేడా ఏమిటని కాసేపు కుళ్ళుకున్నాను. బస్టాండులో టీ అర్ధరూపాయి. గ్లాసు చిన్నది, పంచదార పెద్దది.

మొదటి భోజనంలోనే పరువు పోయింది. పెరుగన్నంలోకి పెద్ద రసం ఇచ్చారు. మా ఇళ్ళల్లో బేనీషా మామిడిని కోసినట్టు కత్తిపీట ఇమ్మన్నాను. వడ్డిస్తున్న సుబ్బారావు గారి భార్య నా వంక జాలిగా చూసింది.

"రసాన్ని కోస్తారేంటండీ అన్నయ్యగారూ! నెమ్మదిగా చుట్టూ పిసికి, ముచ్చిక తీసి, అన్నంలోకి పిండుకోండి" అంది.

పిసికాను. పండు ముచ్చిక దగ్గర కాకుండా పక్కనుంచి పగిలి, రసం చొక్కా మీదుగా మోచేతిదాకా వెళ్ళింది. ఆ చొక్కా ఇప్పటికీ పసుపు రంగులోనే ఉంది. కానీ ఆ అన్నం రుచి రాయడం నాకు చేతకాదు. అక్కడివాళ్ళు బొబ్బట్లనే మా ఓళిగల మీద ఒట్టు, అంతకంటే బాగుంది.

ఆగిరిపల్లి తోట

సుబ్బారావు గారు ఈ ఏడు ఆగిరిపల్లి దగ్గర ఒక తోట కాపు కొన్నారు. మర్నాడు ఆయన స్కూటరు వెనక కూర్చుని అక్కడికి వెళ్ళాను. పొడుగాటి గడ కొసకి వలసంచీ లాంటి చిక్కం కట్టి, ఒక్కో కాయనీ దెబ్బ తగలకుండా దించుతున్నారు. కింద ఆడవాళ్ళు సొన కారిపోయేలా కాయల్ని బోర్లించి పెడుతున్నారు. నేను ఊరికే ఉండకుండా అప్పుడే తెంపిన కాయ కొరికి చూశాను. సొన తగిలి పెదవి పొక్కింది. ఆ సాయంత్రానికి నా మూతి చూసి నాకే నవ్వొచ్చింది.

తోట మధ్య తాటాకు గుడిసె. కాపలా కాసే కోటయ్యది, ఆయన భార్య వెంకాయమ్మది. నా పెదవికి వెన్న రాయమని గుడిసెలోంచి ఇంకొకావిడ గిన్నె పట్టుకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. తెల్లచీర, గుండ్రటి వెండి దువ్వెన పెట్టిన ముడి. ఈ ప్రాంతంలో అలాంటి దువ్వెన ఎవరికీ చూడలేదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"ఊరు ఇదేనండి. ఇల్లు రంగంలో" అంది.

రంగం అంటే రంగూన్. ఆవిడ కోటయ్యకి అక్క, పేరు నాంచారమ్మ. పన్నెండేళ్ళకి పెళ్ళిచేసి బర్మా పంపారు. భర్త అక్కడ బియ్యం మిల్లులో పనిచేశాడు. యుద్ధం వచ్చినా కదల్లేదు, అందరూ తిరిగొచ్చేసినప్పుడూ కదల్లేదు. యాభై ఏళ్ళ తరవాత ఇదే మొదటిసారి రావడం. చేతిలో బర్మా పాస్‌పోర్టు.

"అక్కడ ముప్పై ఏళ్ళు విదేశీయుల చీటీ పట్టుకుని తిరిగామండి. ఆయన పోయేముందు ఆ దేశం వాళ్ళమైపోయాం, చీటీ పోయింది. హమ్మయ్య అనుకుని ఇక్కడికొస్తే మద్రాసులో దిగగానే మళ్ళీ విదేశీయురాలినన్నారు" అని నవ్వింది.

కోటయ్య పక్కనే నిలబడ్డాడు. అక్క వెళ్ళిపోయేనాటికి ఆయనకి మూడేళ్ళు.

"వీణ్ణి చంకనేసుకుని తిప్పింది నేనేనండి. వీడికి నేను గుర్తులేను" అంది.

"గుర్తులేదండి" అన్నాడు కోటయ్య తల దించుకుని. "ఉందని అబద్ధం చెప్పలేను గదా."

అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరి ముందు ఒకరు చుట్టాల్లా మొహమాటపడుతున్నారు. నాకు కష్టంగా అనిపించింది. తమ్ముడు తెల్లవారింది మొదలు చెట్ల మధ్యే తిరుగుతాడు. అన్నం కూడా నిలబడే తింటాడు. సీజన్లో కాపలా మనిషికి కూర్చునే తీరిక ఉండదు. ఆవిడకిచ్చిన మూడు నెలల గడువులో ఇంక పన్నెండు రోజులే మిగిలాయి. కాపు దిగడానికి ఇంకా మూడు వారాలు పడుతుంది.

"వాడితో తీరిగ్గా కూచుని మాట్లాడుకుందామని వచ్చానండి. వాడికి తీరికయ్యేసరికి నేను ఓడ మీదుంటాను. కొడుకూ కోడలూ అక్కడున్నారు, వెళ్ళక తప్పదు. మళ్ళీ వచ్చే వయసు కాదు" అంది నాంచారమ్మ.

గడువు పెంచుకోవచ్చు. దానికి జిల్లా పోలీసు ఆఫీసులో విదేశీయురాలిగా పేరు నమోదు చేయించుకుని, ఎక్కడ ఉంటున్నదీ రాసిచ్చి, అర్జీ పెట్టాలి. మద్రాసులో ఇచ్చిన ఫారాలు ఆవిడ రేకుపెట్టెలో మడత నలగకుండా ఉన్నాయి. తోట వదిలి బందరు వెళ్ళేవాడు లేక అలాగే ఉండిపోయాయి.

కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఫారం చూస్తే నా చేతికి దురద పుడుతుంది, ఏం చెయ్యను? అక్కడే మంచం మీద కూర్చుని కలం తీశాను. భారతదేశంలో నివాసం అనే గడి వచ్చింది.

"మీ ఇంటి నంబరెంత?" అన్నాను.

"మూడు-ఇరవై ఏడండి. తలుపు మీద ఎర్రరంగుతో రాసిపోయారు" అంది వెంకాయమ్మ.

3-27 అని అందంగా రాసి కింద గీత కూడా గీశాను.

బందరు

మూడోరోజు నేనూ, నాంచారమ్మా, వెంకాయమ్మా బందరు బయల్దేరాం. ఉంగుటూరు దాటాక దారంతా కోతలైపోయిన చేలు, గట్ల మీద గేదెలు. నాంచారమ్మ కిటికీకి అతుక్కుపోయి, రంగం పోయే దారిలో కూడా ఇలాగే చేలుంటాయని చెప్పింది. గుడివాడలో వెంకాయమ్మ అటుకుల పొట్లం విప్పింది. పరాయివాణ్ణని చూడకుండా నాకు ముందు పెట్టింది. మా వైపు బస్సులో తెలియనివాళ్ళు ఇలా పెడితే ఎందుకు పెడుతున్నారో అని అనుమానిస్తాం. ఇక్కడ వద్దంటే కోప్పడతారు.

ఆఫీసులో విదేశీయుల సెక్షను అంటే ఒక బల్ల, ఒక బీరువా. బల్ల వెనక నడివయసు ఆఫీసరు నా ఫారం పైనుంచి కిందికి చదివి, "ఎవరు రాశారండీ? అచ్చు వేసినట్టుంది" అన్నాడు. నేను పొంగిపోయాను. మనిషిని పంపి విచారిస్తామనీ, ఆ రిపోర్టు రాగానే చూస్తామనీ చెప్పాడు. ఆ ఆనందంలో రెండు కేజీలు లడ్డూ కొన్నాను. బందరు లడ్డూ తింటే దవడకి పని ఉండదు, నోట్లో పెట్టగానే అదే వెళ్ళిపోతుంది.

రెడ్డిగూడెం

పని అయిపోయిందనుకుని సుబ్బారావు గారితో రెడ్డిగూడెం తోటలు చూడటానికి వెళ్ళి మూడు రోజులు ఉన్నాను. అక్కడ ఒక రైతు చిన్న రసాలు వరిగడ్డిలో మాగేస్తూ, ప్రతి వరసనీ ముక్కుతో వాసన చూసి "ఇవి రేపు, ఇవి ఎల్లుండి" అని చెప్పేవాడు. ఒక్కరోజు కూడా తప్పలేదు. మా ఇంట్లో మాగేస్తే సగం కుళ్ళుతాయని చెబితే, "మీరు రోజూ కెలుకుతారండీ, పండుకి కూడా కాస్త ఏకాంతం కావాలి" అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడకి ఈ మాట చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

తిరిగి తోటకి వెళ్ళేసరికి వెంకాయమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాంచారమ్మ పెట్టె సర్దుకుంటోంది.

విచారణకి కానిస్టేబులు వచ్చాడు. ఎక్కడికి? నేను రాసిచ్చిన 3-27కి. అక్కడ తలుపుకి తాళం, గడపకి అడ్డంగా ముళ్ళకంప. మామిడి కాపలా కుదిరిన కుటుంబాలు పిందె పడగానే ఇల్లు మూసి, వంటగిన్నెలతో సహా తోటకి వెళ్ళిపోతాయి. కాపు దిగిందాకా అదే ఇల్లు. వీధంతా అలాగే ఉంది. చివర మంచంలో ఉన్న ముసలాయన ఒక్కడే దొరికాడు. బర్మా ఆవిడ ఏదయ్యా అంటే, ఆయన తనకి తెలిసింది నిజాయితీగా చెప్పాడు.

"బందరెళ్ళిందయ్యా!"

దాంతో రిపోర్టు తయారైంది. సదరు విదేశీయురాలు ఇచ్చిన చిరునామాలో లేదు, ఇంటికి తాళం ఉంది, బందరు వెళ్ళినట్టు తెలిసింది. కానిస్టేబులు తప్పేమీ లేదు, చూసింది రాశాడు. దాని మీద ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. చిరునామా రుజువు కాలేదు గనుక గడువు పెంచడం కుదరదు, ఉన్న గడువులోగా దేశం విడిచి వెళ్ళాలి. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

"తోటలో ఉంటున్నామని నాకు చెప్పలేదేంటమ్మా?" అని వెంకాయమ్మ మీద అరిచాను.

ఆవిడ తెల్లబోయింది. "మీరు ఇంటి నంబరు అడిగారు గదండి. తోటలో కూచునే గదండి అడిగారు!"

నిజమే. ఆవిడ గుడిసెలో, ఆవిడ మంచం మీద కూర్చుని, ఆవిడ ఇంకెక్కడో ఉంటుందని రాశాను. చిరునామా అంటే తలుపు ఉండాలి, తలుపు మీద నంబరుండాలి అనుకున్నాను. ముప్పై ఏళ్ళ పొగరు నాది, మూల్యం నాంచారమ్మది.

మళ్ళీ బందరు

మర్నాడు మొదటి బస్సుకే నాంచారమ్మని తీసుకుని వెళ్ళాను. దారిలో ఆవిడే నన్ను ఓదార్చింది.

"పోనీలెండి. చూశాను గదా వాణ్ణి. బాగానే ఉన్నాడు" అంది.

ఆ మాట విని నాకు ఇంకా సిగ్గేసింది.

ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు. "మీరు చెప్పింది అర్థమైందండీ. కానీ నాకు ఒక చిరునామా కావాలి. తోట అంటే ఏ తోట? ఆ చుట్టుపక్కలన్నీ తోటలే. నంబరేదైనా ఉంటే చెప్పండి, విచారణకి మళ్ళీ పంపిస్తాను" అన్నాడు.

నంబరు! నా తలమీద నేనే మొట్టుకోవాలనిపించింది. చెట్టుకి లేదు, గుడిసెకి లేదు, కానీ ఈ రాష్ట్రంలో జానెడు నేలకైనా ఒక నంబరుంటుంది. ముప్పై ఏళ్ళు నేను అన్నం తిన్నది ఆ నంబర్ల మీదే. నూజివీడు మండీలో సుబ్బారావు గారికి ఫోనున్న కొట్టు ఉంది. ఆ కొట్టుకి ట్రంకు కాల్ చేసి, ఆయన కాపు కొన్న కాగితంలో తోట సర్వే నంబరెంతో చదివించుకున్నాను. అక్కడే నిలబడి కొత్త ఫారం రాశాను. ఫలానా సర్వే నంబరు, మామిడి తోట, కాపలా గుడిసె, ఆగిరిపల్లి. ఈసారి గీత గియ్యలేదు.

ఆఫీసరు చూసి, "రెవెన్యూ వాళ్ళా మీరు?" అన్నాడు.

"ఒకప్పుడండీ" అన్నాను.

కేక

తరవాతి రోజు పొద్దుగూకే వేళ స్టేషన్ ఎస్సై మోటార్‌సైకిల్ మీద తోటకి వచ్చాడు. మర్యాదస్థుడే గాని, ముందొక రిపోర్టు తప్పయింది గనుక ఈసారి దేన్నీ ఊరికే నమ్మేలా లేడు. గుడిసెలోకి తొంగి చూశాడు. రేకుపెట్టె చూశాడు.

"పెట్టె ఇవాళ తెచ్చి పెట్టొచ్చు గదా. ఈవిడ మూడు నెలలుగా ఇక్కడే ఉంటోందని చెప్పే బయటివాళ్ళెవరైనా ఉన్నారా? మీరు సరే, చుట్టాలు. ఈయన ఫారం రాసినాయన" అన్నాడు.

కోటయ్య ఏదో చెప్పబోయి నోరు పెగలక నిలబడ్డాడు. సుబ్బారావు గారు ఆ పూట రాలేదు.

అప్పుడే తూర్పు వైపు తోటలోంచి పెద్ద కేక వినిపించింది.

"ఓ... రంగం అక్కో! ఉన్నావా?"

నాంచారమ్మ ఎస్సై ఉన్నాడన్న సంగతి కూడా మరిచిపోయి, అలవాటుగా రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది.

"ఉన్నానయ్యో!" అని అరిచింది.

ఆ వయసులో ఆ గొంతు ఎక్కడ దాచుకుందో తెలియదు. తరవాత ఆవిడే పడమటి వైపు తిరిగి ఇంకో పేరు పిలిచింది. అటునుంచి "ఉన్నానక్కో!" అని వచ్చింది. ఆ మనిషి ఇంకా అవతల తోటని పిలిచాడు. కేక అలా దూరమవుతూ వెళ్ళిపోయింది.

"ఏంటిది?" అన్నాడు ఎస్సై.

"కాపలా వాళ్ళ కేకండి" అన్నాడు కోటయ్య. ఇప్పుడాయనకి మాటొచ్చింది. "దీపాల వేళకి అన్నాలకి పోతారని దొంగలు కాచుకునుంటారండి. అందుకని తోట తోటకీ పిలుచుకుంటాం. పలక్కపోతే పక్క తోటవాళ్ళు కర్రలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. ఆ వేళ నేను కాయ సర్దుతుంటానండి. మా తోట తరఫున అక్కే పలుకుతుంది. పిందెల కాడ్నించీ ఒక్కరోజు మానలేదు, బందరెళ్ళిన రోజు కూడా చీకటి పడకుండా వచ్చేసింది."

ఎస్సై తూర్పు తోటకీ పడమటి తోటకీ స్వయంగా వెళ్ళి అడిగి వచ్చాడు. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, రిపోర్టు రాశాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు. వెళ్తూ వెళ్తూ నాంచారమ్మతో, "తోట మారినా ఇల్లు మారినా స్టేషన్లో చెప్పాలమ్మా, మరిచిపోకండి" అన్నాడు.

గడువు రేపటితో అయిపోతుందనగా కాగితం వచ్చింది. రెండు నెలలు అడిగితే నెలన్నర ఇచ్చారు. వెంకాయమ్మ నా బందరు లడ్డూల్లో మిగిలినవన్నీ తోటంతా పంచిపెట్టేసింది.

ఆఖరి రోజు

నేను ఆ మర్నాడే బయల్దేరవచ్చు. కానీ సుబ్బారావు గారు కాపు దిగాక వెళ్ళమన్నారు, నాకూ ఉండాలనే అనిపించింది. చివరి లోడు కలెక్టరు రకం మామిడికాయ లారీకి ఎక్కిన రోజు కోటయ్య గుడిసె తాటాకులు విప్పేశాడు. మంచం, గిన్నెలు, పెట్టె తోపుడుబండి మీదికి చేరాయి. బండి ఊరివైపు తిప్పేసరికి నాంచారమ్మ ఆగమంది.

"ముందు స్టేషన్‌కి పోదాం. ఇల్లు మారుతున్నాం గదా, చెప్పాలి."

"ఎంత దూరమక్కా, ఒక మైలు కూడా లేదు!" అన్నాడు కోటయ్య.

"మైలైనా మారడమేరా. నాకు ఈ చీటీల సంగతి తెలుసు" అంది.

అందరం స్టేషన్‌కి వెళ్ళాం. రైటరు రిజిస్టరు తెరిచాడు. పాత చిరునామా అడిగితే నాంచారమ్మ సర్వే నంబరు తడుముకోకుండా చెప్పింది. కొత్త చిరునామా అంటే మూడు-ఇరవై ఏడంది. రైటరు రాసుకుంటూ ఎవరిల్లని అడిగాడు. ఆవిడ తమ్ముడిదని చెప్పబోయింది.

"మా ఇద్దరిదీనండి" అన్నాడు కోటయ్య.

ఆవిడ తమ్ముడి వంక చూసింది. రైటరు తల ఎత్తకుండా తరవాతి గడి చదివాడు.

"నివాసం మార్చడానికి కారణం?"

నాకు అలవాటైన జవాబులు నాలుగైదు నాలుక చివరికొచ్చాయి. కాలానుగుణ ఉపాధి ముగిసినందున, అని మొదలుపెట్టబోయాను. నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"రాసుకో బాబూ" అంది రైటరుతో. "మా తమ్ముడికి తీరిక దొరికింది."